పదకొండు మిల్లీమీటర్ల తగువు

(ఇందులో మాట్లాడే ఇద్దరూ నా కల్పన. వదినకు అరవై దాటాయి, గుంటూరు వైపు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. రొమ్ము కేన్సర్ ఆపరేషన్ తర్వాత మొదట లెట్రోజోల్ మాత్రలు వేసుకున్నారు. కీళ్లు పట్టేస్తున్నాయని, ఎముకలు పలచబడుతున్నాయని మందు మార్చి టామోక్సిఫెన్ ఇచ్చారు. రోజుకి 20 మిల్లీగ్రాములు. అది మొదలై మూడేళ్లు కావస్తోంది. డాక్టరు ఆమెకు ఆడపడుచు, స్త్రీల వైద్యం చేస్తుంది. మనుషులు కల్పితమే గానీ వాళ్ల నోట వచ్చే లెక్కలు కాదు.)

వదిన: ఇదిగో రిపోర్టు. ఎండోమెట్రియం, అదే గర్భసంచి లోపలి పొర, 11 మిల్లీమీటర్లట. ముట్లుడిగిన ఆడదానికి నాలుగో ఐదో దాటకూడదట. మాస్టర్ హెల్త్ చెకప్ చేయించుకుంటే బయటపడింది. అక్కడి డాక్టరమ్మ చూసి, "ఈ వయసులో ఇంకా ఎందుకండీ, గర్భసంచి తీయించేసుకుంటే గొడవ వదిలిపోతుంది" అంది. నేను తీయించుకోను. ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయించుకుంటాను. చీటీ రాసివ్వు.

డాక్టరు: బ్లీడింగ్ ఏమైనా అయిందా వదినా?

వదిన: లేదు.

డాక్టరు: లోదుస్తులకి మరకలాగా? గోధుమరంగులో గానీ, లేత ఎరుపులో నీళ్లలాగా గానీ?

వదిన: ఏమీ లేదమ్మాయ్.

డాక్టరు: అయితే ఆ స్కానింగ్ చేయించుకోకుండా ఉంటేనే బాగుండేది.

వదిన: ఇదేం వైద్యం? కొలత తప్పయితే తప్పని చెప్పు. ఒప్పయితే ఏం చేయాలో చెప్పు. కొలవకుండా ఉండాల్సిందంటే ఎలా?

డాక్టరు: కొలత ఒప్పే. మీరు పక్కన పెట్టుకున్న నాలుగు మిల్లీమీటర్ల గీత మీది కాదు. ముట్లుడిగాక బ్లీడింగ్ అయి ఆస్పత్రికొచ్చిన వాళ్లలో ఎవరికి ముక్క పరీక్ష చేయాలి, ఎవరిని ఇంటికి పంపొచ్చు అని తేల్చడానికి పెట్టుకున్న గీత అది. మీకు బ్లీడింగ్ లేదు. పైగా టామోక్సిఫెన్ వాడుతున్నారు. రెండు విధాలా మీకు వర్తించదు.

వదిన: గీతలు మార్చుకుంటూ పోతే లెక్క తేలదు.

డాక్టరు: 2000లో జర్మన్ డాక్టర్లు ఒక అధ్యయనం అచ్చువేశారు. ఈ మందు వాడే 247 మందికి ఆరు నెలలకోసారి కిందనుంచి స్కానింగ్ చేస్తూ పోయారు. మీరడుగుతున్నది సరిగ్గా అదే. మందు మొదలుపెట్టక ముందు సగటు మందం మూడున్నర మిల్లీమీటర్లు. మూడేళ్లయ్యేసరికి 9.2. ఈ మందు మీద ఉన్న మనిషికి 11 అంటే వింతేమీ కాదు.

వదిన: అందరికీ పెరిగితే అది మంచిదైపోతుందా? ఊరంతటికీ బీపీ ఉంటే బీపీ రోగం కాకుండా పోతుందా?

డాక్టరు: పెరిగింది ఏమిటన్నది అడగండి. తడి పట్టిన గోడ చూశారుగా. పైన సున్నం పలచగానే ఉంటుంది, లోపల గిలాబా ఉబ్బుతుంది. బయట నిలబడి కొలిచేవాడికి సున్నమే మందంగా వేసినట్టు కనిపిస్తుంది. ఈ మందు లోపలి పొర కింద ఉన్న కణజాలాన్ని ఉబ్బేలా చేస్తుంది, అందులో చిన్న చిన్న నీటి బుడగలు తెప్పిస్తుంది. స్కానింగ్‌లో పొర ఎక్కడ ఆగిందో, దాని కింది భాగం ఎక్కడ మొదలైందో గీత కనబడదు. రెండూ కలిపి కొలిచేస్తారు. తీరా లోపలికి వెళ్లి చూస్తే పొర ఎండిపోయి, పలచగా ఉంటుంది. ఆ జర్మనీ లెక్కలో ఏ లక్షణమూ లేకుండా స్కానింగ్ చూసి భయపడి లోపల పరీక్ష చేసినవాళ్లు 52 మంది. అందులో 38 మందికి ఉన్నది ఆ ఎండిపోయిన పొరే.

వదిన: మిగతా పద్నాలుగు?

డాక్టరు: తొమ్మిది మందికి పాలిప్స్ (పొర నుంచి వేలాడే పిలకలు), నలుగురికి పొర పెరగడం, ఒకరికి కేన్సర్.

వదిన: ఒకరికి ఉంది కదా!

డాక్టరు: ఉంది. పరీక్షలో గర్భసంచికి చిల్లు పడినవాళ్లు నలుగురు. అదీ ఆ లెక్కలోదే.

(ఇక్కడ వదిన కాసేపు మాట్లాడలేదు. లెక్కల టీచరు కదా, ఒకటికి నాలుగు అన్న నిష్పత్తి ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ ఆ ఒకటి తానే కావచ్చనుకునే మనిషికి నిష్పత్తులతో పనేముంటుంది?)

వదిన: చిల్లు పడితే పూడుతుంది. కేన్సర్ పూడుతుందా?

డాక్టరు: అదే అధ్యయనంలో బ్లీడింగ్ అయిందని వచ్చినవాళ్లు ఇరవై మంది. వాళ్లలో ఇద్దరికి కేన్సర్ దొరికింది. అంటే యాభై రెండు మందిని వెతికితే ఒకటి, ఇరవై మంది చెప్పింది వింటే రెండు. గర్భసంచి లోపలి పొర కేన్సర్‌కున్న మంచి గుణం ఒక్కటే, అది తొందరగా బ్లీడింగ్ రూపంలో బయటపడుతుంది. ఎక్కువమందికి అది గర్భసంచి దాటి పోకముందే తెలిసిపోతుంది. అందుకే 2014లో అమెరికాలో స్త్రీల వైద్యం చేసే డాక్టర్ల కాలేజీ మళ్లీ స్పష్టంగా చెప్పింది, లక్షణాలు లేని టామోక్సిఫెన్ రోగులకు అదేపనిగా స్కానింగులు, ముక్క పరీక్షలు పనికిరావని. లాభం చూపించలేకపోయాయి, అనవసరమైన ఆపరేషన్లు మాత్రం పెంచాయి.

వదిన: నువ్వు మంచి గుణం అంటున్నావు. చేతులు కాలాక ఆకులు పట్టుకోమన్నట్టుంది నాకు. రొమ్ముకైతే ఏడాదికోసారి మామోగ్రామ్ తీయించుకోమంటారు. అక్కడ గడ్డ తగిలేదాకా ఆగమని ఎవరూ అనరే!

డాక్టరు: రొమ్ములో చేతికి తగలని చిన్న గడ్డను ఫిల్ము చూపిస్తుంది, దానికో లాభం తేలింది. ఇక్కడ ఆ లాభం తేలలేదు. ఒక అవయవానికి పనికొచ్చిన పద్ధతి ఇంకోదానికి పనికొచ్చి తీరాలని లేదు. అసలు ఈ మందే అలాంటిది. రొమ్ములో ఈస్ట్రోజెన్‌కి అడ్డం పడుతుంది, గర్భసంచిలో తానే ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తిస్తుంది.

వదిన: ఇంత ద్విపాత్రాభినయం చేసే మందుని ఎవరు కనిపెట్టారో!

డాక్టరు: వాళ్లు వెతికింది కేన్సర్ మందు కాదు. ఇంగ్లండులోని చెషైర్‌లో ఐసీఐ అనే రసాయనాల కంపెనీలో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త 1962లో తయారుచేశారు. గర్భం రాకుండా వాడుకోవచ్చేమోనన్నది వాళ్ల ఆలోచన. ఎలుకల్లో బాగా పనిచేసింది. ఆడవాళ్లలో తిరగబడి అండం విడుదలయ్యేలా చేసింది. ఆ తర్వాత 1971లో మాంచెస్టర్‌లోని క్రిస్టీ ఆస్పత్రి నుంచి రొమ్ము కేన్సర్ మీద మొదటి ఫలితాలు వచ్చాయి. ఒక్కో జీవిలో, ఒక్కో అవయవంలో ఒక్కోలా ఉండటం దానికి పుట్టుకతో వచ్చిన బుద్ధి.

వదిన: ఆ బుద్ధి సంగతి నేనూ చదివాను. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం వాళ్లు మనుషులకు కేన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో దీన్ని పెట్టారు. పొగాకు ఉన్న వర్గమది. మీరు దాన్ని రోజూ పొద్దున్నే మింగమంటారు.

డాక్టరు: అదే సంస్థ తప్పనిసరిగా దొరకాల్సిన మందుల జాబితాలోనూ దీన్ని పెట్టుకుంది. రెండూ నిజాలే. ఐదేళ్లు వాడితే పదిహేనేళ్ల కాలంలో రొమ్ము కేన్సర్ చావులు దాదాపు మూడో వంతు తగ్గుతాయి. కేన్సర్‌కి హార్మోన్ రిసెప్టర్లు ఉన్నవాళ్లలో. మీకు ఉన్నాయి.

వదిన: ఎదుటి వైపు లెక్క కూడా చెప్పు.

డాక్టరు: అమెరికాలో పదమూడు వేల పైచిలుకు మందితో చేసి 1998లో ప్రకటించిన ట్రయల్ ఉంది. రొమ్ము కేన్సర్ రాకముందే, వచ్చే అవకాశం ఎక్కువున్నవాళ్లకి ఇచ్చి చూశారు. యాభై దాటినవాళ్లలో మందు లేనివాళ్లకి ఏడాదికి వెయ్యి మందిలో 0.76 గర్భసంచి కేన్సర్లు వచ్చాయి. మందు వాడినవాళ్లలో 3.05.

వదిన: నాలుగు రెట్లు. "నాలుగు రెట్లు" అని ఒక మనిషి చెవిలో చెబితే నిద్ర పడుతుందా?

డాక్టరు: మీరు క్లాసులో ఏం చెప్పేవారు? రెట్లు చెప్పేముందు మొదటి సంఖ్య చెప్పమనేవారు కదా.

వదిన: సరే. వెయ్యికి మూడు. ఐదేళ్లకి పదిహేను. నూటికి ఒకటిన్నర.

డాక్టరు: అది అమెరికా లెక్క. గర్భసంచి కేన్సర్ మన దగ్గర అసలే అక్కడికన్నా బాగా తక్కువ. యాభై లోపు వాళ్లకైతే అదే ట్రయల్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. మన దేశంలో రొమ్ము కేన్సర్ నలభైల్లోనే చాలామందికి వస్తోంది. ముట్లింకా ఆగని ఆ అమ్మాయిలక్కూడా ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయిస్తున్నవాళ్లున్నారు. వాళ్లకి పొర నెలనెలా పెరిగి తరిగేదే. అందులో ఏం కొలుస్తారో నాకర్థం కాదు.

వదిన: అది వాళ్ల సంగతి. నా సంగతి చెప్పు. నన్ను పదేళ్లు వాడమంటున్నారు.

డాక్టరు: ఐదేళ్లతో ఆపినవాళ్లనీ, పదేళ్లు వాడినవాళ్లనీ పోల్చిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2013 ప్రాంతంలో వచ్చాయి. ఐదో ఏడు నుంచి పద్నాలుగో ఏడు దాకా చూస్తే గర్భసంచి కేన్సర్ నూటికి 1.6 నుంచి 3.1కి పెరిగింది. దానివల్ల చావులు నూటికి 0.2 నుంచి 0.4. అదే కాలంలో రొమ్ము కేన్సర్ చావులు నూటికి 15 నుంచి 12.2కి తగ్గాయి. తీసివేతలు మీరే చేసుకోండి.

వదిన: చేశాను. మందు మానను, ఆ సంగతి ఎప్పుడో తేల్చుకున్నాను. నా గొడవ వేరే. మందు వాడటానికి నన్ను ఒప్పించే లెక్క, పరీక్ష వద్దనడానికి కారణం ఎలా అవుతుంది? ప్రమాదం చిన్నదే అన్నావు, ఒప్పుకున్నాను. చిన్న ప్రమాదాన్నీ కనిపెట్టుకుని ఉండాలనుకోవడం నా ఇష్టం. డబ్బు నాది, ఒళ్లు నాది.

డాక్టరు: స్కానింగ్‌తో ఆగితే నాకూ అభ్యంతరం లేదు. ఆగదు. ఒక చేత్తో రిపోర్టు, ఇంకో చేత్తో గర్భసంచి ఆపరేషన్ ఎస్టిమేటు ఇస్తారు. మీకు అప్పుడే ఇచ్చారు కదా! మనం ఉన్న నేల ఎలాంటిదో మర్చిపోకండి. 2015–16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మనమే ముందు. తెల్లబట్టకి తీశారు, నడుం నొప్పికి తీశారు, "పిల్లలు చాలు కదా" అని తీశారు. ఇలాంటిచోట ఏ లక్షణమూ లేని మనిషి చేతిలో "పొర మందంగా ఉంది" అనే కాగితం పెడితే ఏమవుతుందో నేను రోజూ చూస్తున్నాను.

వదిన: ఆస్పత్రులకి ఆశ ఎక్కువని నా కళ్లకి గంతలు కడతావా? వాళ్ల ఆశకి వైద్యం వాళ్లకి చెయ్యండి.

(ఈ మాటకు డాక్టరు దగ్గర మంచి జవాబు లేదు. నా దగ్గరా లేదు. రోగికి తెలిసే హక్కును వైద్యవ్యాపారం భయంతో కుదించడం న్యాయం కాదు. ఆ భయం ఉత్తదీ కాదు.)

వదిన: ఇంకోటి. బ్లీడింగ్ అయితే వస్తారు అన్నావు. ఎవరు వస్తారు? మా చిన్నత్త అరవై ఐదో ఏట మరక కనబడితే "వేడి చేసింది" అని నెలల తరబడి మజ్జిగ తాగింది. మా వీధిలో ఒకావిడ "మళ్లీ ముట్లొచ్చాయి, ఒంట్లో బలం ఉన్నట్టే" అని సంబరపడింది. కొడుకుతో చెప్పలేరు, కోడలితో చెప్పరు. కేన్సర్ డాక్టరు మగవాడైతే ఆ మాటే ఎత్తరు. మీ అమెరికా కాలేజీవాళ్లు నోరు తెరిచి చెప్పే ఆడదాన్ని ఊహించుకుని ఆ నియమం రాశారు.

డాక్టరు: ...అది నిజం వదినా.

వదిన: నాకు ఈ మాత్ర రాసినప్పుడు బ్లీడింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు. టీచరునైన నాకే చెప్పలేదు. మూడేళ్లలో ఒక్కరు అడగలేదు. నువ్వే మొదట అడిగావు, అదీ ఇవాళ. లక్షణం కనిపిస్తే రమ్మనే వైద్యానికి, లక్షణం అంటే ఏమిటో చెప్పని డాక్టరు ఉంటే, దాన్ని ఏమనాలి?

డాక్టరు: నిర్లక్ష్యం అనాలి. స్కానింగ్ వద్దనే హక్కు నాకు రావాలంటే, వచ్చిన ప్రతిసారీ నేనే నోరు తెరిచి అడగాలి. బట్టకి మరకైందా, రంగు ఏమిటి, మైలలా నీళ్లు పోతున్నాయా, పొత్తికడుపులో నొప్పి ఉందా అని. రోగిని అడగడమే కాదు, తోడొచ్చిన కూతురికి చెప్పి పంపాలి. చాలాచోట్ల అది జరగడం లేదు. మాత్ర మొదలుపెట్టక ముందు ఒకసారి స్కానింగ్ చేసి చూడటం కూడా మంచిదే. అప్పటికే పాలిప్ ఉన్నవాళ్లకి తర్వాత ఇబ్బందులు ఎక్కువ అని తేలింది, వాళ్లని వేరుగా కనిపెట్టుకోవచ్చు. అది మీకు చేయలేదు. చేసుంటే ఈ 11ని దేనితో పోల్చాలో తెలిసేది.

వదిన: ఒకసారి మంచిదైనప్పుడు రెండోసారి ఎందుకు చెడ్డదైంది?

డాక్టరు: మొదటిసారి మందు ఇంకా పొరను తాకలేదు కాబట్టి కనబడింది కనబడినట్టే ఉంటుంది. ఆ తర్వాత ప్రతి కొలతా ఉబ్బిన గిలాబా కొలతే.

వదిన: ముదురు రకాలు కూడా ఉంటాయట. ఎక్కువ కాలం వాడినవాళ్లలో వచ్చే కేన్సర్లు మొండివని నెదర్లాండ్స్ డాక్టర్లు రాశారట. సార్కోమా అని ఒకటి ఉందట. 2002లో అమెరికాలో మందు పెట్టె మీద హెచ్చరిక కూడా వేయించారట.

డాక్టరు: వేయించారు, ముఖ్యంగా కేన్సర్ రాకుండా ముందు జాగ్రత్తకి వాడేవాళ్ల కోసం. సార్కోమా ఉంది, చాలా అరుదు. మీరడిగే మిల్లీమీటర్ల కొలతకి అది దొరుకుతుందన్న నమ్మకం లేదు. మొండి రకాల భయం ఉన్నప్పుడు నేను చెప్పగలిగేది, మరక కనబడ్డాక ఒక్క వారం కూడా పోగొట్టుకోకూడదనే.

వదిన: లోపల హార్మోన్ లూపు ఏదో వేస్తారట కదా, దాంతో పొర పెరగదట.

డాక్టరు: పాలిప్స్ తగ్గుతాయి. కేన్సర్ తగ్గుతుందని తేలలేదు. రొమ్ము కేన్సర్ వచ్చిన మనిషికి ప్రొజెస్టిరాన్ జాతి హార్మోన్ పెట్టడానికి నా చెయ్యి రాదు.

వదిన: సరే, స్కానింగ్ చేయించుకున్నాను. తప్పో ఒప్పో కాగితం నీ బల్ల మీద ఉంది. ఇప్పుడేం చేస్తావు? చూడనట్టు నటిస్తావా?

డాక్టరు: లేదు. వెతుక్కుంటూ వెళ్లొద్దంటాను గానీ కనబడినదాన్ని దాచను. మీకు షుగరుంది, బరువుంది, ముట్లుడిగి పదేళ్లు దాటింది. రిపోర్టులో పొర అంతటా ఒకేలా లేదని రాశారు. ఒకసారి గర్భసంచిలోకి సెలైన్ ఎక్కించి స్కానింగ్ చేస్తాను. నీళ్లు లోపలికి వెళ్లి గోడల్ని విడదీస్తే, ఉబ్బు కిందనుంచి వచ్చిందా, లోపలికి పాలిప్ వేలాడుతోందా అన్నది తెలుస్తుంది. పాలిప్ ఉంటే హిస్టెరోస్కోపీతో, అంటే లోపలికి కెమెరా పంపి చూస్తూ దాన్ని తీసి పరీక్షకి పంపుతాను. గర్భసంచి జోలికి పోను. ఏమీ లేకపోతే రిపోర్టుల ఫైలు మూసేయండి.

వదిన: చూశావా, నువ్వూ స్కానింగే అన్నావు!

డాక్టరు: ఒక్కసారి అన్నాను. ఆరు నెలలకోసారి అనలేదు.

వదిన: మళ్లీ చెకప్ ప్యాకేజీలో ఎవరైనా తీస్తే?

డాక్టరు: తీయకముందే టామోక్సిఫెన్ వాడుతున్నానని చెప్పండి. రిపోర్టు రాసేవాళ్లకి అది తెలియకపోతే ఇంకో పదకొండు, ఇంకో ఎస్టిమేటు వస్తాయి.

వదిన: నేను నీతో ఏకీభవించలేదు, గుర్తుంచుకో. సెలైన్ స్కానింగ్‌లో ఏమీ లేకపోయినా వచ్చే ఏడాది మళ్లీ అడుగుతాను.

డాక్టరు: అడగండి. నేను మళ్లీ మరకైందా అని అడుగుతాను.

వదిన: అయిందనుకో. ఒక్క చుక్క. అప్పుడైనా ఈ మాయదారి స్కానింగ్ చేస్తావా?

డాక్టరు: చేస్తాను గానీ దాన్ని నమ్మి కూర్చోను. పొర మూడు మిల్లీమీటర్లే ఉన్నా సరే, ఆ వారంలోనే లోపల చూసి ముక్క తీస్తాను. సన్నటి గొట్టంతో గుడ్డిగా తీస్తే పాలిప్ తప్పించుకుపోవచ్చు, అందుకని కెమెరాతో చూస్తూనే తీస్తాను. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఆపాలో, లెట్రోజోల్ లాంటిదానికి మళ్లీ మార్చాలో మీ కేన్సర్ డాక్టరుతో నేను మాట్లాడతాను.

వదిన: ఇదంతా ఒక కాగితం మీద తెలుగులో రాసివ్వు. మా పెన్షనర్ల సంఘంలో ఈ మాత్ర వేసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో ఎవరెవరు మజ్జిగ తాగుతున్నారో కనుక్కోవాలి.